రెండు వాటాల ఇల్లు

కాకినాడ,
ఆదివారం మధ్యాహ్నం

చంటీ,

ఫోన్‌లో నీతో మాట్లాడి లాభం లేదురా. నేను నాలుగు మాటలంటే నువ్వు నాలుగు "ఊఁ"లు కొడతావు. ఐదో మాటకి "అత్తా, మళ్ళీ చేస్తా" అంటావు. ఆ మళ్ళీ ఎప్పటికీ రాదు. అందుకే కాగితం పట్టుకు కూర్చున్నాను. దీన్ని మధ్యలో కట్ చెయ్యలేవుగా!

ఇక్కడ అందరం కులాసా. మూడు రోజులు ముసురు పట్టి నిన్నే తెరిపిచ్చింది. మీ నాన్న మోకాలికి ఏదో నూనె రాసుకుంటున్నాడు. తగ్గిందా అంటే ఒప్పుకోడు, తగ్గలేదా అంటే అదీ ఒప్పుకోడు. మామయ్య పెరట్లో ఆనపపాదు పనిలో పడ్డారు. నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ఫోటో చూసి మీ అమ్మ "పిల్లాడు చిక్కిపోయాడు వదినా" అని ఒకటే గోల. నేను నీ మొహం చూస్తే కదా! నీ చేతిలోని బోర్డు చూశాను. మామయ్య భూతద్దం పెట్టి మరీ చూశాను.

కుషాయిగూడలో గది, చర్లపల్లిలో ఉద్యోగం, మొదటి జీతం చేతికొచ్చి మూణ్ణెల్లు. నీకిచ్చిన మొదటి సొంత పని కోడిగుడ్లు పొదిగే పెట్టెకి కంట్రోలర్. దాంట్లో పెట్టిన 30 గుడ్లూ పాడయ్యాయి. డిస్‌ప్లే 35 మీద నిలబడిపోతే, లోపల థర్మామీటరు 43 చూపించింది. సెన్సర్ మూడుసార్లు మార్చావు. నాలుగోసారి మార్చలేక "నాకీ లైను పనికిరాదేమో అత్తా" అన్నావు. ఆ మాటకి నాకు కోపం వచ్చింది, అన్నం సయించలేదు కూడా. ఒరేయ్, ముప్పై గుడ్లు పోతే అట్లు వేసుకోలేకపోయామని బాధపడాలి గానీ లైను మార్చేస్తారట్రా?

పోనీలే. కోప్పడ్డానని మొహం ముడుచుకోకు. అసలు సంగతికొస్తాను.

నీ సెన్సర్‌లో ఏ తప్పూ లేదు. ఎల్ఎం35 పాపం బుద్ధిమంతురాలు. డిగ్రీకి 10 మిల్లీవోల్టుల చొప్పున ఇస్తుంది. 37.5 డిగ్రీలకి 375 మిల్లీవోల్టులు. దాన్ని నేరుగా ఆర్డుయినోకి ఇస్తే ఒక్కో మెట్టు 4.9 మిల్లీవోల్టులు, అంటే అర డిగ్రీ. గుడ్ల దగ్గర అర డిగ్రీ చాలా పెద్ద తేడా. కనుక మధ్యలో ఎల్ఎం358 ఆంప్లిఫయర్ చిప్ పెట్టి పది రెట్లు పెంచావు. ఆలోచన సరైనదే, నేనైనా అదే చేసేదాన్ని. ఇప్పుడు లెక్క కట్టు. 37.5 డిగ్రీలకి పది రెట్లంటే 3.75 వోల్టులు. చిప్‌కి నువ్విచ్చిన సప్లై 5 వోల్టులు. ఈ చిప్ అవుట్‌పుట్ పైకి వెళ్ళేటప్పుడు సప్లైకి సుమారు ఒకటిన్నర వోల్టు కిందే ఆగిపోతుంది. 5 లోంచి 1.5 తీసేస్తే?

3.5. అంటే 35 డిగ్రీలు.

తెలిసిందా? డిస్‌ప్లే 35 దగ్గర ఆగింది సెన్సర్ వల్ల కాదు, అంతకంటే పైకి చిప్ చెయ్యి అందదు. నీ ప్రోగ్రామేమో "ఇంకా 37.5 రాలేదు కదా" అని హీటర్‌ని వదలకుండా వెలిగిస్తూనే ఉంది. 36 అయినా 40 అయినా దానికి కనబడేది 35 ఒక్కటే. గుడ్లు ఉడికాయంటే ఉడకవూ మరి!

మల్టీమీటర్ చిప్ అవుట్‌పుట్ వచ్చే ఒకటో పిన్ మీద పెట్టి ఒక్కసారి చూసుంటే రెండు నిమిషాల్లో తేలేది. నువ్వు సెన్సర్ మీద అనుమానపడ్డావు, తరవాత నీ మీద అనుమానపడ్డావు. మధ్యలో ఉన్నదాన్ని ఎవరూ అడగలేదు.

తిట్టేసి ఊరుకోవడం నాకు రాదు కాబట్టి, నాది కూడా చెబుతాను. నీ వయసులో నేనింతకంటే పెద్ద తెలివితక్కువ పని చేశాను. పాలిటెక్నిక్ లాబ్‌లో చేరిన కొత్తలో ఇత్తడి పోత పనివాళ్ళు వచ్చి, కొలిమి వేడి చూపించే మీటరు చేసిపెట్టమన్నారు. ఆడపిల్ల చేస్తుందా అని పక్కన ఎవరో నవ్వారు. ఆ నవ్వు విని నాకు పట్టుదలొచ్చింది. వారం రోజుల్లో కె టైప్ థర్మోకపుల్, దాని వెనక ఇదే 358 పెట్టి చేసిచ్చేశాను. థర్మోకపుల్ డిగ్రీకి ఇచ్చేది సుమారు 41 మైక్రోవోల్టులు. మిల్లీ కాదు నాయనా, మైక్రో! ఈ చిప్‌కి పుట్టుకతో ఉండే ఆఫ్‌సెట్ రెండు మూడు మిల్లీవోల్టులు, ఒక్కోదానికి ఏడు దాకా ఉంటుంది. మూడు మిల్లీవోల్టుల తప్పంటే ఆ కొలిమి దగ్గర 73 డిగ్రీల తప్పు. పోతలో ఇత్తడి సరిగ్గా పారక ఒక రోజు పనంతా మూలపడింది. ఆ పనివాళ్ళ మేస్త్రీ నన్నొక్క మాటనలేదు. "పాప నేర్చుకుంటంది లెండి" అన్నాడు. అది తిట్టుకంటే ఎక్కువ గుచ్చుకుంది. అక్కడ ఓపీ07 లాంటిది పెట్టాలి, దాని ఆఫ్‌సెట్ మైక్రోవోల్టుల్లోనే ఉంటుంది. నాకప్పటికి ఆ ఊసే తెలియదు. చేతికందింది పెట్టాను.

నీ పెట్టెలో కూడా ఆ ఆఫ్‌సెట్ కూర్చునే ఉంది సుమా. నీ సెన్సర్ డిగ్రీకి 10 మిల్లీవోల్టులిస్తుంది గనక ఏడు మిల్లీవోల్టులంటే 0.7 డిగ్రీ. అందుకని ప్రతి బోర్డునీ ఒక మంచి థర్మామీటరు పక్కన పెట్టి తేడా రాసుకుని, ప్రోగ్రాంలో సరిచెయ్యి. ఒక బోర్డుకి రాసిన అంకె ఇంకో బోర్డుకి పనికిరాదు.

ఇక మందు. మూడు దారులున్నాయి. చిప్‌కి 12 వోల్టులివ్వడం ఒకటి. నాకిష్టం లేదు. ఏదైనా తేడా వస్తే అవుట్‌పుట్ పది దాటి నీ ఆర్డుయినో పిన్‌ని కాల్చేస్తుంది. ఎంసీపీ6002 పెట్టుకోవడం రెండోది. అదీ రెండు ఆంప్లిఫయర్ల చిప్పే, పిన్నులూ అవే, అవుట్‌పుట్ సప్లై అంచుదాకా పోతుంది. 6 వోల్టులు మించి మాత్రం ఇవ్వకూడదు. మూడోది, నేను చేసేది, పది రెట్లు మానేసి ఆరు రెట్లకి దిగడం. అవుట్‌పుట్ నుంచి రెండో పిన్‌కి 10 కిలో ఓములు, రెండో పిన్ నుంచి గ్రౌండ్‌కి 2 కిలో ఓములు. ఒకటికి ఐదు కలిపితే ఆరు. 37.5 డిగ్రీలకి 2.25 వోల్టులొస్తుంది. 50 డిగ్రీలకి కూడా 3 వోల్టులే. మెట్టు 0.08 డిగ్రీ. గుడ్డుకి ఇంతకంటే ఏం కావాలి?

నీ ఫోటోలో నన్ను నిజంగా బాధపెట్టింది వేరే ఉంది. ఐదు, ఆరు, ఏడు పిన్నులు గాలికి వదిలేశావు.

చంటీ, ఈ ఎనిమిది కాళ్ళ చిప్ రెండు వాటాల ఇల్లురా. మనం జగన్నాథపురంలో ఉన్నప్పటి ఇల్లు లాంటిదనుకో. నీకు ఊహ తెలియదులే, మీ నాన్నకి బాగా గుర్తు. ముందు వాటాలో మేం, వెనక వాటాలో ఇంకో కుటుంబం. బావి ఒకటే, కరెంటు మీటరూ ఒకటే. ఇక్కడా అంతే. ఒకటి, రెండు, మూడు పిన్నులు ఒక వాటా. ఐదు, ఆరు, ఏడు రెండో వాటా. ఎనిమిదో పిన్ సప్లై, నాలుగో పిన్ గ్రౌండ్, ఆ రెండూ ఉమ్మడి. వెనక వాటా ఖాళీగా ఉంది కదా అని తలుపులు బార్లా వదిలేస్తే ఏమవుతుంది? గాలికి తలుపులు కొట్టుకుంటాయి, ముందు వాటాలో వాళ్ళకి నిద్ర ఉండదు. ఇన్‌పుట్‌లు గాల్లో ఉన్న ఆంప్లిఫయర్ కనబడిన ప్రతి గొడవనీ పట్టుకుంటుంది. దాని రెట్లు సుమారు లక్ష. కాసేపు పైకి, కాసేపు కిందికి కొట్టుకుంటూ ఉమ్మడి సప్లైలో అల్లరి చేస్తుంది. డిస్‌ప్లేలో చివరి అంకె కుదురుగా ఉండట్లేదన్నావే, దాంట్లో దీని వాటా ఎంతో కొంత ఉండొచ్చు.

వాడుకోని వాటాకి తాళం వెయ్యడం తేలిక. ఆరునీ ఏడునీ కలిపెయ్యి. ఐదో పిన్‌ని రెండు సమాన రెసిస్టర్ల మధ్య నుంచి సగం వోల్టేజికి కట్టు. బుద్ధిగా ఒక మూల కూర్చుంటుంది.

అయితే తాళం వేయించడం నా ఉద్దేశం కాదు. అద్దెకివ్వు! పొదిగే పెట్టెలో పై మూల వేడి, కింది మూల వేడి ఒకటిగా ఉండవు. రెండో ఎల్ఎం35 కొని కింది మూలన పెట్టి ఐదో పిన్‌కివ్వు. అవే రెసిస్టర్లు, అవే ఆరు రెట్లు. రెండు మూలల రీడింగులూ చేతికొస్తాయి. ఫ్యాన్ ఆగిపోతే రెండిటికీ తేడా పెరుగుతుంది, అది చూసి గంట కొట్టించు. పైగా రెండు ఆంప్లిఫయర్లూ ఒకే సిలికాన్ ముక్క మీద పుట్టినవి, వేడి ఎక్కితే ఇద్దరికీ ఒకేలా ఎక్కుతుంది. కవలలు ఒకేసారి జ్వరం తెచ్చుకున్నట్టు.

"రెండో సగాన్ని కంపారేటర్‌గా పెట్టి, 39 దాటితే హీటర్ కట్ చేయిస్తాను" అని నీ బుర్రలో ఈపాటికి మెదిలే ఉంటుంది. నాకు తెలుసు. తెలివైన ఆలోచనే, వద్దు. కాపలావాణ్ణీ కాపలా కాయాల్సినవాణ్ణీ ఒకే గదిలో పెడతామా? చిప్ పోతే ఇద్దరూ ఒకేసారి పోతారు. కాపలాకి వేరే చిప్, వీలైతే వేరే సెన్సర్ పెట్టు. దానికి ఎల్ఎం393 ఉంది, అది అచ్చంగా కంపారేటరే.

393 అంటే గుర్తొచ్చింది. పిన్నుల వరస 358దే. ఒకే డ్రాయరులో పక్కపక్క అరల్లో ఉండేవి. ఒక సంవత్సరం ప్రాక్టికల్ పరీక్ష రోజు నేనే పొరపాటున 393లు పంచిపెట్టాను. దాని అవుట్‌పుట్ కిందికి లాగడమే గానీ తనంతట తాను పైకి తొయ్యదు, సప్లై నుంచి ఒక రెసిస్టర్ కట్టాలి. పన్నెండు మంది పిల్లలు చెమటలు కక్కుకుంటూ వైర్లు పీకి మళ్ళీ పెట్టుకున్నారు. ఒకమ్మాయి ఏడ్చేసింది. నేను భూతద్దం తీసి చిప్ మీది అక్షరాలు చదివేసరికి గంట గడిచింది. అందరి దగ్గరా క్షమాపణ అడిగి ఇంకో గంట ఇప్పించాను. ఆ అమ్మాయి ఇప్పటికీ సంక్రాంతికి ఫోన్ చేస్తుంది. ఆ సంగతి మాత్రం ఎత్తదు. నువ్వు మాత్రం చిప్ బేస్‌లో గుచ్చేముందు దాని వీపు మీద ఏం రాసుందో చదువు. గాటు ఎటుందో చూడు. తిరగేసి గుచ్చితే నాలుగూ ఎనిమిదీ తారుమారై సప్లై ఎదురెక్కుతుంది. వేలు కాలిందాకా తెలియదు. నా కుడి చూపుడు వేలిని అడిగితే చెబుతుంది.

ఇంతకీ ఈ 358 అంటే నాకెందుకింత ఇష్టమో చెప్పనా? మేం చదువుకునే రోజుల్లో ఆంప్లిఫయర్ చిప్ అంటే అందరి నోటా 741 ఒక్కటే. ఫెయిర్‌చైల్డ్ కంపెనీలో డేవ్ ఫుల్లగర్ అనే ఆయన 1968లో తెచ్చాడు. అంతకు ముందుది 709. అది పిచ్చెక్కి ఊగకుండా బయట కెపాసిటర్ కట్టాల్సొచ్చేది. ఆయన 30 పీకోఫారడ్ల కెపాసిటర్ని చిప్ లోపలే పెట్టేశాడు. అదే వరం. అయితే ఒక డబ్బాలో ఒక్కటే ఆంప్లిఫయర్. ట్రెయినర్ కిట్ మీద ప్లస్ 15, మైనస్ 15 రెండు సప్లైలు. ఇంటి దగ్గర చేద్దామంటే రెండు 9 వోల్ట్ బ్యాటరీలు కొనాలి. మీ తాతయ్యని బ్యాటరీకి డబ్బులడగడం కంటే పరీక్ష తప్పడం తేలిక. 358 చేతికొచ్చిన రోజు నాకు పండగే. ఒకే సప్లై, 3 వోల్టుల నుంచి 32 దాకా దేని మీదైనా నడుస్తుంది. ఇన్‌పుట్ గ్రౌండ్ దాకా దిగినా గుర్తుపడుతుంది. నీ ఎల్ఎం35 సంగతి ఆలోచించు. 5 డిగ్రీలకి 50 మిల్లీవోల్టులు. 5 వోల్టుల ఒంటి సప్లై మీద 741 అంత కిందికి చూడనే చూడలేదు. అందుకే ఇన్నేళ్ళయినా ఛార్జర్ విప్పినా, ఎమర్జెన్సీ లైటు విప్పినా ఇదే తగులుతుంది. టీ డబ్బులకి వస్తుంది కూడా.

అంత ప్రేమ ఉండబట్టే ఒకసారి దానితో పాట పాడించబోయి నవ్వులపాలయ్యాను. కాలేజీ వార్షికోత్సవానికి మైక్ ప్రీఆంప్లిఫయర్ నేనే చేస్తానన్నాను. 358 పెట్టాను. ప్రార్థన పాడుతున్న పిల్ల గొంతు రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసినట్టుంది. ఈ చిప్ అవుట్‌పుట్ తొయ్యడం నుంచి లాగడానికి మారే చోట చిన్న కుదుపు ఇస్తుంది, వేడి కొలిచేటప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోరు, చెవి మాత్రం పట్టేస్తుంది. దానికి తోడు వేగం తక్కువ, మైక్రోసెకనుకి అర వోల్టు కూడా కదలదు. మైక్ సెట్టు కుర్రాడొచ్చి చూసి "4558 పెట్టండి మేడమ్, కాళ్ళు ఒకటే కదా" అన్నాడు. పదో తరగతి తప్పినవాడు. బేస్‌లోంచి ఒకటి పీకి ఇంకోటి గుచ్చాడు. మా సప్లై ప్లస్ మైనస్ 12 కనక సరిపోయింది. పాట పాటలా వినబడింది. వాడి దగ్గర నేను నేర్చుకున్నానని చెప్పుకోవడానికి నాకు పదేళ్ళు పట్టింది, సిగ్గుమాలిన దాన్ని.

తరవాత తరవాత తెలిసింది, ఆ కాళ్ళ వరసలో ఎంతమంది ఉన్నారో. గిటార్ పికప్‌లాంటి బలహీనమైన సిగ్నల్‌కి టీఎల్072. దాని ఇన్‌పుట్ దాదాపు కరెంటే తాగదు. కాకపోతే ఇన్‌పుట్ కింది సప్లైకి మరీ దగ్గరగా పోతే అవుట్‌పుట్ తలకిందులవుతుంది, కనుక ఒంటి 5 వోల్టుల మీద దాన్ని పెట్టకు. సద్దు లేకుండా పాట కావాలంటే ఎన్ఈ5532, 600 ఓముల లోడుని కూడా లాగుతుంది. కాళ్ళు ఒకటేనని గుణాలు ఒకటే అనుకోకు. కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళినప్పుడు ఇంకొకటి. 5532 పేరు అచ్చేసి లోపల ఏదో పెట్టి అమ్మేవాళ్ళుంటారు, రేటు మరీ తక్కువ చెబితే నవ్వి పక్క కొట్టుకి నడువు.

నీ బోర్డులో ఇంకో రెండు లోపాలు, అంతే, ఇక ఆపేస్తాను. ఎనిమిదో పిన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 104 కెపాసిటర్ లేదు. చిప్‌ని ఆనుకుని పెట్టు, బోర్డు చివర కాదు. రిలే టక్కుమన్నప్పుడల్లా సప్లై ఉలిక్కిపడుతుంది, ఆ ఉలికిపాటు చిప్ దాకా రాకుండా అది అడ్డుకుంటుంది. రెండోది, సెన్సర్ తీగ. ఫోటోలో రెండు మీటర్లయినా ఉంది. ఎల్ఎం35 పొడుగు తీగ కెపాసిటెన్స్‌ని మోయలేదు, 50 పీకోఫారడ్లు దాటితే తడబడుతుంది. సెన్సర్ కాలి దగ్గరే ఒక 2 కిలో ఓముల రెసిస్టర్ వరసలో పెట్టు. ఇవన్నీ డేటాషీట్‌లో ఉన్నాయిరా. మీ వయసు పిల్లలు మొదటి పేజీలో పిన్నుల బొమ్మ చూసుకుని మూసేస్తారు. పుస్తకంలో "ఐడియల్" అని రాసిన ఆంప్లిఫయర్ని నేను 31 ఏళ్ళ ఉద్యోగంలో ఒక్కసారి కూడా కళ్ళతో చూడలేదు.

మీ మేనేజరు దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పు. "సెన్సర్ బాగానే ఉందండీ, గెయిన్ నేనే ఎక్కువ పెట్టాను, 3.5 దగ్గర ఆగింది" అని. కొలిచిన అంకెలు కాగితం మీద రాసి పట్టుకెళ్ళు. కోప్పడితే కోప్పడనీ. నేను ఆ మేస్త్రీకి నా తప్పు చెప్పకుండా వేరే మీటరు కొనిపెట్టాను, జీతం సగం పోయింది. ఇప్పటికీ ఆ వీధిలోంచి వెళ్ళాలంటే చుట్టు తిరిగి పోతాను. నీకు ఆ చుట్టుదారి వద్దు.

రాత్రి పదకొండుకి మెస్ మూసేస్తారని తెలిసీ పదకొండున్నరకి లాబ్‌లోంచి బయటపడతావట. మీ అమ్మకి ఎవరు చెప్పారో నన్నడక్కు. సోల్డర్ పొగ పీల్చి ఖాళీ కడుపుతో పడుకోకు. ఫ్యాన్ పెట్టుకో. చెయ్యి కడుక్కుని తిను.

ఈ ఉత్తరంతో పాటు పార్సిల్ పంపుతున్నాను. పైన కోటయ్య కాజాలు. కింద పాత హార్లిక్స్ సీసాలో పది 358లు, ఎనిమిది పిన్నుల ఐసీ బేసులు, ఒక గుప్పెడు 104లు. నా డ్రాయరులోవే. 393లు విడిగా ఎర్ర దారం కట్టిన పొట్లంలో ఉన్నాయి, కలపకు. కాజాలు గదిలో అందరికీ పెట్టు, ఆ సీసా మాత్రం ఎవరికీ అరువివ్వకు.

ముందు గుడ్లు పెట్టకు. ఖాళీ పెట్టెని రెండు రోజులు నడిపి, ఒకటో పిన్, ఏడో పిన్ వోల్టేజిలు గంటకోసారి రాసి పంపు. ఆ తరవాత గుడ్లు. పెట్టిన రోజు నాకు చెప్పు, ఇక్కడ కేలండర్ మీద గీత పెట్టుకుంటాను. ఇరవై ఒకటో రోజున ఒక ఫోటో పంపాలి. ఈసారి బోర్డుది వద్దు.

నీ అత్త

తా.క. మామయ్య ఇప్పుడే చదివి "పిల్లలు పొదిగాక ఒక జత మన పెరటికి పంపమను" అంటున్నారు. ఆనపపాదు సంగతి ఆయనకి గుర్తులేనట్టుంది. పంపకు.